కొండకు వచ్చేవాళ్లు, ఇంట్లో చంటివాడు

ఈ వారం ఉత్తరం తిరుపతి నుంచి వచ్చింది. రాసినామె పేరు వేయొద్దంది, వీధి పేరు కూడా వద్దంది. గోవిందరాజస్వామి గుడి దగ్గర అని మాత్రం చెప్పుకోవచ్చట. ఆరు పేజీల ఉత్తరాన్ని వీలైనంత వరకు ఆమె మాటల్లోనే కుదించి ఇస్తున్నాను.

ఆమెకు 28 ఏళ్లు. పుట్టినిల్లు పలమనేరు వైపు. పెళ్లయి నాలుగేళ్లు. కాన్పుకు ముందు ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. భర్తకు గాంధీ రోడ్డు వైపు స్టీలు సామాన్ల కొట్టు ఉంది. పొద్దున పదికి వెళితే రాత్రి పదిన్నరకు ఇల్లు చేరతాడు. వీళ్లుండేది మిద్దె మీద, రెండో అంతస్తులో. రెండు గదులు, వంటిల్లు, బయట నాలుగడుగుల నడవా, నడవా చివర నిట్టనిలువు మెట్లు. అత్తగారు వీళ్లతోనే ఉంటారు. మోకాళ్లు నొప్పులైనా తెల్లవారి గుడికి వెళ్లి వస్తే తప్ప కాఫీ ముట్టరు. బాబుకు ఏడాది పది నెలలు.

"మాది ఇల్లు కాదు మేడమ్, టికెట్టు లేని సత్రం" అంటుంది ఆమె. కొండకు వచ్చే చుట్టాలందరికీ వీళ్ల ఇల్లే మజిలీ. స్టేషన్‌లో దిగితే నడిచి వచ్చేంత దూరం. క్యాలెండర్‌లో చుక్కలు పెట్టుకుంటూ వచ్చిందట. రెండు నెలల్లో 11 బ్యాచ్‌లు. టైమ్ టోకెన్ల కోసం రాత్రి రెండింటికి అలారం పెట్టుకునేవాళ్లు కొందరు, దర్శనం ముగించుకొని అర్ధరాత్రి దిగివచ్చి తలుపు కొట్టేవాళ్లు కొందరు. లైటు వేయగానే బాబు లేస్తాడు. మధ్యాహ్నం మనుషుల సందడిలో నిద్రపోడు. రాత్రి పదిన్నర దాటాక పడుకుంటే మధ్యలో రెండుసార్లు లేచి ఆరింటికల్లా మళ్లీ ఏడుపు. ఆ మధ్య మేనమామ గుండుతో దిగి వస్తే గుర్తుపట్టక అరగంట గుక్కపట్టాడట.

ఏడుపు మానిపించడానికి ఒక చుట్టం ఫోను చేతికిచ్చింది. అప్పటి నుంచి ఫోను ఎదురుగా లేకపోతే ముద్ద మింగడం లేదు. మాటలు ఎనిమిది వచ్చాయి. వాటిలో "ఆటో" ఒకటి, "గోయిందా" ఒకటి. అత్తగారేమో "మీ ఆయనకు మూడేండ్లు నిండినాకనే మాట వచ్చింది, మొగబిడ్డలు అంతేలే" అంటారు. ఒకరోజు చుట్టాలు తలుపు తీసి పెట్టి చెప్పులు వెతుక్కుంటుంటే బాబు మెట్ల మీద మూడో మెట్టు దాకా దిగిపోయాడు. కింది పోర్షన్ ఆమె చూసి పట్టుకుంది.

ఆ తర్వాత అసలు సంగతి రాసింది. ఒక రాత్రి ఒంటిగంటకు ఐదుగురు దిగారు. వాళ్లకు ఉప్మా చేస్తుంటే బాబు కాళ్లకు చుట్టుకొని ఏడుస్తున్నాడు. చెంప మీద కొట్టింది. వేళ్లు తేలాయి. భర్త "నలుగురిలో అట్లా చేస్తావా" అన్నాడు. అత్తగారు ఏమీ అనకుండా మనవణ్ణి ఎత్తుకొని లోపలికి వెళ్లిపోయారు. ఆ తర్వాత మరో రెండుసార్లు చెయ్యి లేచింది.

తిరుచానూరు రోడ్డు వైపు ఒక ఇల్లు చూసి వచ్చింది. ముందు కాస్త ఖాళీ జాగా, నేల మీద ఇల్లు. భర్త ససేమిరా అంటున్నాడు. "స్వామి దగ్గరికి వచ్చేవాళ్లను విసుక్కుంటున్నానే, నేను పాపిష్టిదాన్నా? ఇల్లు మారాలని పట్టుబట్టాలా, నోరు మూసుకొని సర్దుకోవాలా?" అని అడుగుతోంది.

అమ్మా,

పాపం సంగతి ముందే తేల్చేద్దాం, ఎందుకంటే అది మనసులో ఉన్నంతసేపు మిగతావి చెవికెక్కవు. కొండ మీద వచ్చినవాళ్లకు వచ్చినట్టు అన్నం పెట్టే ఏర్పాటు 1985 నుంచి నడుస్తోంది. అక్కడి అన్నదాన భవనానికి పెట్టిన పేరు మన తరిగొండ వెంగమాంబది. స్వామి దగ్గరికి వచ్చేవాళ్లెవరూ మీరు ఉప్మా చేయకపోతే పస్తుండరు. వాళ్లు మీ ఇంటికి వచ్చేది స్వామి కోసం కాదు, స్టేషన్‌కు దగ్గరని, డబ్బులు మిగులుతాయని, కొంత మీ మీద ప్రేమతో. అందులో తప్పేమీ లేదు. అయితే దానికి భక్తి అని పేరు పెట్టుకొని మిమ్మల్ని మీరు దోషిగా నిలబెట్టుకోవద్దు.

నేను పెరిగిందీ ఇదే ఊళ్లో, తీర్థకట్ట వీధికి దగ్గర్లో. మా ఇంట్లోనూ వేసవి సెలవుల్లో చాపలు గోడ నుంచి గోడ దాకా పరిచేవాళ్లు. రాత్రి నీళ్లకు లేస్తే ఎవరి కాలో తొక్కకుండా వంటింటికి చేరడమే ఒక విద్య. ఆ రోజులు తలుచుకుంటే నాకూ బాగానే ఉంటుంది. కానీ అప్పట్లో మా ఇంట్లో అమ్మ, ఇద్దరు పిన్నమ్మలు, మా జేజి, నీళ్లు మోసే ఒక ముసలామె ఉండేవాళ్లు. చంకలో బిడ్డ ఒక చంక నుంచి ఇంకో చంకకు మారుతూ నిద్రపోయేది. ఆ పద్ధతి అన్ని చేతుల మీద నడిచింది. ఇప్పుడు మీ ఇంట్లో ఆ పద్ధతి అట్లాగే ఉంది, చేతులు మాత్రం రెండే మిగిలాయి. మీ అత్తగారు "మేము చేయలేదా" అంటున్నారని రాశారు. ఆమె చేశారు, నిజమే. ఒక్కరే చేశారా అని ఒకసారి మెల్లగా, పోట్లాటలా కాకుండా, ఆ రోజుల కబుర్లు చెప్పమన్నట్టు అడిగి చూడండి. ఆమె నోటి నుంచే నాలుగైదు పేర్లు వస్తాయి.

ఇక కొట్టడం గురించి. దాన్ని ఉత్తరం ఐదో పేజీలో, చివరకు దాచిపెట్టి రాశారు. నేను ముందుకు తెస్తున్నాను. ఒక్క దెబ్బతో తల్లి చెడ్డదైపోదు. కానీ "మరో రెండుసార్లు" అన్న మాట చిన్నది కాదు. మీ ఉత్తరంలోని వేళలు కాగితం మీద రాసుకొని కూడితే బాబుకు రోజుకు ఏడు గంటల నిద్ర కూడా రావడం లేదు. ఆ వయసు పిల్లలకు పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటలు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే కావలసిన దాంట్లో ఇంచుమించు సగం. మీరు మొండితనం అనుకుంటున్న దాంట్లో ఎక్కువ భాగం నిద్ర లేమే. మీకెంత నిద్ర ఉందో మీరు రాయనే లేదు. నిద్రలేని తల్లి, నిద్రలేని బిడ్డ, రాత్రి ఒంటిగంట, పొయ్యి మీద మూకుడు. అక్కడ చెయ్యి లేవకుండా ఆపుకునే ఓపిక అందరికీ ఉండదు.

మళ్లీ అట్లా లేస్తున్నట్టు అనిపించిన క్షణాన చేయాల్సింది ఒకటే. పొయ్యి కట్టేయండి. బాబును లోపలి గదిలో మంచం పక్కన నేల మీద కూర్చోబెట్టి, రెండు నిమిషాలు మీరు అవతలికి వెళ్లండి. ఏడవనివ్వండి. చుట్టాల ఉప్మా ఆగుతుంది. కోపం రోజూ వస్తున్నా, ఏడుపు ఆగకపోతున్నా, ఏ పనీ చేయబుద్ధి కాకపోతున్నా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ అక్కర్లేదు. "నాకేమైనా పిచ్చా" అనుకోవద్దు. కాలు బెణికితే కట్టు కట్టించుకోమా, ఇదీ అంతే.

ఇప్పుడు అసలు ముడి. మీ ఉత్తరంలో ఇల్లు, చుట్టాలు అనే రెండు వేరు వేరు కష్టాలు ఒకే దారంతో చుట్టుకుపోయి ఉన్నాయి. ఇల్లు మారితే చుట్టాల బాధ పోతుందని మీ ఆశ. ఇల్లు మారకూడదనుకుంటున్నాడు కాబట్టి మీ ఆయన చుట్టాల ఊసే ఎత్తనివ్వడం లేదు. ఈ రెండింటినీ విడదీయకుండా ఎన్ని రాత్రులు వాదించుకున్నా అది తెగదు.

ఇంకో సంగతి కూడా ఉంది, కోపగించుకోరు కదా? మీ క్యాలెండర్ లెక్కను మళ్లీ చదివాను. గుండుతో వచ్చిన మేనమామ అంటే మీ అన్నయ్య. రెండు రోజులనుకొని నాలుగు రోజులున్న చిన్నమ్మ మీ అమ్మగారి చెల్లెలు. మీతో పనిచేసిన టీచరమ్మ కుటుంబం. మీ ఊరి పంచాయతీ వాళ్లెవరో ఇద్దరు. పదకొండింటిలో నాలుగు మీ వైపువే. ఉత్తరంలో మాత్రం ఎక్కడ చూసినా "వాళ్ల చుట్టాలు" అనే ఉంది. మీరు కావాలని రాశారని నేననుకోను. సొంతవాళ్లొస్తే అలసట తెలియదు, అంతే. కానీ మీ ఆయనకు ఆ నాలుగూ బాగా గుర్తుండి ఉంటాయి. అందుకే మీరు నోరు తెరవగానే ఆయన విననట్టు టీవీ వైపు తిరుగుతున్నాడేమో.

కాబట్టి మొదటి తలుపు మీ వైపు నుంచే వేయండి. మీ అన్నయ్యకు మీరే ఫోన్ చేసి, "ఈసారి దేవస్థానం వాళ్ల విష్ణునివాసంలోనో శ్రీనివాసంలోనో రూము చూసుకో, పొద్దున టిఫినుకు ఇంటికి రా" అని చెప్పండి. ఆయన కాస్త నొచ్చుకుంటాడు, వదిన ఇంకాస్త నొచ్చుకుంటుంది. మీ అమ్మ రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. అది భరించగలిగితే, ఆ తర్వాత మీ ఆయనతో మాట్లాడేటప్పుడు మీ మాటకు బరువు వస్తుంది. భరించలేననుకుంటే, ఆయన తన అక్కకు అదే మాట ఎందుకు చెప్పలేకపోతున్నాడో మీకే తెలుస్తుంది.

ఇల్లు మారడం సంగతి చూద్దాం. తిరుచానూరు రోడ్డు ఇంట్లో బాబుకు నేల దొరుకుతుంది, మెట్ల భయం పోతుంది, రాత్రి అలారాలు తగ్గవచ్చు. అది చిన్న లాభం కాదు. బాబు వయసు పిల్లలు రోజుకు కనీసం మూడు గంటలు కదులుతూ ఆడాలి, నాలుగడుగుల నడవాలో అది కుదిరే పని కాదు. కానీ మీ ఆయన రాత్రి పదిన్నరకు బదులు పదకొండు దాటాక వస్తాడు. మీ అత్తగారికి ఆ గుడి కేవలం గుడి కాదు. 1130లో రామానుజులు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించిన నాటి నుంచీ ఈ ఊరు ఆ గుడి చుట్టూనే పెరిగిందంటారు. మీ అత్తగారి రోజు కూడా దాని చుట్టూనే తిరుగుతోంది. పూలు కట్టే ఆమె, ప్రసాదం దగ్గర కలిసే ముసలమ్మలు, అరుగు మీద పది నిమిషాల కబుర్లు, అన్నీ అక్కడే. ఊరి చివర ఆమె రోజంతా మీ ఎదురుగా కూర్చొని ఉంటారు. మీ ఇద్దరికీ అది ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. పైగా దూరమైతే చుట్టాలు రారన్న నమ్మకం నాకైతే లేదు. దూరమైంది కదా అని ఒకపూట ఆగేవాళ్లు రెండు రోజులు ఆగే ప్రమాదమూ ఉంది. ముందు ఖాళీ జాగా ఉంది కాబట్టి కారు పెట్టుకోవచ్చని బెంగళూరు వాళ్లకు తెలిస్తే చెప్పనే అక్కర్లేదు.

ఇంకోటి. మెట్ల మీద బాబును పట్టుకున్నది కింది పోర్షన్ ఆమె. ఇరుకు వీధుల్లో రొద ఉంటుంది, బైకులుంటాయి, కాలువ వాసన ఉంటుంది, ఇవన్నీ మీరు రాశారు, నిజమే. అయితే పిలిస్తే పలికే మనిషి పది అడుగుల్లో ఉంటుంది. కొత్త చోట ఆ మనిషిని సంపాదించుకోవడానికి ఒక ఏడాది పడుతుంది. అందుకని అడ్వాన్సు ఇచ్చే ముందు బాబును వెంటబెట్టుకొని ఆ ఇంటికి ఒకసారి మధ్యాహ్నం రెండింటికి, ఒకసారి రాత్రి తొమ్మిదింటికి వెళ్లి అరగంట కూర్చోండి. పక్కిళ్లలో పిల్లలున్నారా, వీధిదీపం వెలుగుతుందా, నీళ్లు ఏ వేళకు వస్తాయి, మీ ఆయన లేనప్పుడు తలుపు తీసుకొని నడవాలో నిలబడగలరా. ఇల్లు చూడటానికి పగలు వెళ్లిన మనిషికి ఇవి కనపడవు. ఇవన్నీ సరిపోతే మారడం తప్పేమీ కాదు. వచ్చే వేసవిలోపు మారాలనుకోండి, ఈలోపు కొట్టు వేళల గురించి ఆయన, గుడి గురించి అత్తగారు ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. రేపే మారాలని పట్టుబడితే అది మీ మీద పంతంగానే మిగులుతుంది.

ఉన్నచోటే ఉండి చుట్టాలకు హద్దు పెట్టడం ఇంకో దారి. ఇందులో ఖర్చు లేదు, మాటలు పడాల్సి ఉంటుంది. "ఎవరూ రావద్దు" అనే హద్దు వారం కూడా నిలవదు. భోజనానికి రండి, పడక బయట చూసుకోండి అనేది నిలుస్తుంది. మీ ఇంటి నుంచి విష్ణునివాసం నడిచి వెళ్లేంత దూరమే. శ్రీనివాసం బస్టాండు దగ్గర. దేవస్థానం గదులు ముందుగా ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. కొండకు వచ్చేది రేపనగా ఈ రోజు అనుకునే పని కాదు, కాబట్టి గది కూడా ముందే చూసుకోవచ్చు. ఈ మాట మీ ఆయన నోటి నుంచి రావాలి. మీరు చెబితే "కోడలు రానివ్వట్లేదు" అవుతుంది, ఆయన చెబితే "పాపం, పసిబిడ్డతో ఇబ్బందిగా ఉన్నట్టుంది" అవుతుంది. న్యాయం కాదు, కానీ మన ఇళ్లలో అట్లాగే వినపడుతుంది. బాబుకు జ్వరమనో ఊళ్లో లేమనో అబద్ధాలు మాత్రం వద్దు. ఈ ఊళ్లో ఎవరో ఒకరు మిమ్మల్ని బజార్లో చూడనే చూస్తారు.

ఇక్కడ మీ అత్తగారిని గెలవకుండా ఏదీ నడవదు. ఆమెను మీరు అడ్డంకిలా చూస్తున్నారు. నాకు ఆమె వేరేగా కనపడుతున్నారు. భర్త పోయారు, మోకాళ్లు పోతున్నాయి, కొడుకు కొట్లో, కోడలు వంటింట్లో. ఆమె పక్కన కూర్చొని "అత్తా, ఎట్లున్నావు" అని అడిగేది ఆ వచ్చే చుట్టాలే. వాళ్లు రావడం ఆగిపోతే ఇంట్లో తన పెద్దరికం కూడా ఆగిపోతుందని ఆమె భయం. నెలకు రెండు కుటుంబాలే రాత్రి ఉండొచ్చని ముగ్గురూ అనుకొని, ఆ రెండూ ఎవరో తేల్చే పెత్తనం ఆమెకే ఇచ్చి చూడండి. ఆమె మీకు నచ్చనివాళ్లనే పిలవొచ్చు, అది ఉంటుంది. కానీ మూడో కుటుంబం ఫోన్ చేసినప్పుడు కాదనాల్సింది కూడా ఆమే అవుతుంది. రెండు నెలలు గడిచేసరికి ఎవరెవరు నిజంగా దగ్గరివాళ్లో ఆమెకే తెలిసిపోతుంది.

బ్రహ్మోత్సవాల సంగతి వేరు. ఆ తొమ్మిది రోజులు, ముఖ్యంగా గరుడసేవ రోజు, ఈ ఊళ్లో ఏ హద్దూ నిలవదు. తమిళుల పెరటాసి నెల శనివారాలూ దాదాపు అంతే. ఆ పది రోజులకు మీరూ బాబూ పలమనేరు వెళ్లిపోవచ్చు. నాకు ఇది మంచి దారిగానే కనిపిస్తోంది, ఒక్క షరతు మీద. మీ ఆయనే తీసుకెళ్లి దింపి రావాలి. ఒంటరిగా బస్సెక్కితే దానికి "అలిగి పోయింది" అని పేరు వస్తుంది, తిరిగి వచ్చాక ఆ పేరు చెరిపేసుకోవడానికే సరిపోతుంది. అప్పుడు ఇంట్లో వండేదెవరని అడుగుతారు. అడగనివ్వండి. మీరు లేని ఆ పది రోజుల్లో మీరు రోజూ చేసే పని ఎంతో ఇంట్లో వాళ్లకు కనిపిస్తుంది.

వీటిలో ఏది ఎంచుకున్నా, అసలు ఏదీ ఎంచుకోకపోయినా, కొన్ని పనులు ఆగేవి కావు.

మొదటిది మాటలు. రెండేళ్లు నిండేసరికి పిల్లలు ఇంచుమించు యాభై మాటలు పలుకుతూ, "అమ్మ రా", "పాలు వద్దు" అని రెండేసి కలపడం మొదలుపెడతారు. మీ బాబుకు ఇంకా రెండు నెలలుంది, ఎనిమిది మాటలున్నాయి. భయపడాల్సినంత లేదు, మూడేళ్ల దాకా ఆగుదామనేంతా లేదు. తండ్రికి ఆలస్యంగా వచ్చిందన్నది నిజమే కావచ్చు, అయినా పిల్లల డాక్టరుకు చూపించి ముందు చెవులు సరిగా వినపడుతున్నాయో లేదో పరీక్ష చేయించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఎదుగుదల ఆలస్యాలను ఉచితంగానే చూస్తారు, మీ వీధి అంగన్‌వాడీలో అడిగితే దారి చెబుతారు. ఇంట్లో తెలుగు, వచ్చేవాళ్లలో సగం తమిళం కాబట్టి వాడు తికమకపడుతున్నాడేమో అని అడిగారు. రెండు భాషలు విన్నంత మాత్రాన మాటలు ఆలస్యం కావు. చిత్తూరు సీమలో పిల్లలంతా అట్లా పెరిగినవాళ్లే కదా.

రెండోది ఫోను. రెండేళ్లలోపు పిల్లలకు తెర చూపనే వద్దని మన దేశంలోని పిల్లల డాక్టర్ల సంఘం కూడా చెబుతోంది. దూరాన ఉన్న అమ్మమ్మతో వీడియో కాల్ మాట్లాడించడం వేరే సంగతి. అన్నం దగ్గర మానిపిస్తే మూడు నాలుగు రోజులు తక్కువ తింటాడు, అరుస్తాడు. ఏడాది దాటాక ఎదుగుదల వేగం తగ్గుతుంది, ఆకలీ తగ్గుతుంది. అది మామూలే. అందరూ ఊరికెళ్లిన వారం చూసుకొని మొదలుపెట్టండి. లేకపోతే "బిడ్డను పస్తు పెడుతోంది" అని ఇంకో మాట పడాలి. గోరువెచ్చటి సంగటిని చిన్న ముద్దలు చేసి వాడి చేతికే ఇవ్వండి, సగం నేల పాలైనా సరే. ఇంట్లో చెనక్కాయలు, వేయించిన శనగలు ఎప్పుడూ పళ్లెంలో పోసి ఉంచుతామని మీరు రాసింది చదివి గుండె ఝల్లుమంది. అవి ఆ వయసు పిల్లలకు గొంతులో అడ్డం పడతాయి, నాలుగైదేళ్ల దాకా గింజగా ఇవ్వకూడదు. చుట్టాలు ప్రేమగా నోట్లో పెట్టే లడ్డూలో కూడా జీడిపప్పులు, కలకండ ముక్కలు ఉంటాయి. ఏరేసి, చిదిమి పెట్టండి.

మూడోది మీ ఆయన పొద్దుటి పూట. కొట్టు పదికి. లేచేది ఎనిమిదిన్నరకు అని రాశారు. ఏడింటికి లేచి గంటసేపు బాబును బయట తిప్పితే మీకు గంట నిద్ర, బాబుకు గంట నేల దొరుకుతాయి. గుడి ముందు జనం పలచగా ఉన్నప్పుడు పావురాల వెంట పరిగెత్తవచ్చు, ప్లాట్‌ఫారం టికెట్ తీసుకొని రైళ్లు చూపించవచ్చు. ఎనిమిది మాటల్లో రెండు వీధే నేర్పింది, మిగతావి నాన్న నేర్పవచ్చు. రాత్రి పొద్దుపోయేదాకా కొట్లో నిలబడిన మనిషికి ఇది కష్టమే, అందుకే రోజూ అని అడగకండి. వారానికి నాలుగు రోజులని అడగండి.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా లోపలి గది బాబుది. ఎవరు వచ్చినా సరే, ఆ తలుపు మూసే ఉండాలి. ఇది మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు.

స్కూలు గురించి మీరేమీ అడగలేదు, కానీ లెక్కల క్లాసు సంగతి ఉత్తరంలో రెండుసార్లు వచ్చింది. అంగన్‌వాడీ బడిలో కూర్చోబెట్టేది మూడేళ్లు నిండినవాళ్లను. అప్పటికి దాని గురించి మళ్లీ రాయండి.

చివరగా ఆ మెట్లు. ఇల్లు మారేది వచ్చే ఏడాది అయినా, అసలు మారకపోయినా, నడవా చివర గేటు ఈ వారమే పడాలి. స్టీలు సామాన్ల కొట్టు నడిపే మనిషికి వెల్డింగ్ అతను తెలియకుండా ఉండడు. అడ్డకమ్మీలు వద్దు, వాటిని నిచ్చెనలా ఎక్కేస్తాడు. నిలువు కమ్మీలే పెట్టించండి, మధ్యలో తల దూరనంత దగ్గరగా. గేటు మెట్ల వైపు కాకుండా నడవా వైపు తెరుచుకోవాలి. గడియ వాడికి అందనంత పైన ఉండాలి. చెప్పులు గేటుకు ఇవతల విడిచే అలవాటు చేయండి, అప్పుడు వాటిని వెతుక్కుంటూ ఎవరూ తలుపు తీసి పెట్టరు. ఈ రాత్రి ఆయన అన్నం తిన్నాక టేపు ఇచ్చి కొలతలు తీయమనండి. ఎవరు వచ్చినా లోపలికి అడుగు పెట్టగానే "ముందు ఆ గేటు వేసి రా నాయనా" అని చెప్పే పని మీ అత్తగారిది.